మడ్డి

సీసా మీద రాసింది నమ్మాను.
తప్పు నాదే, ముందే చెప్పేస్తున్నాను.

ఏప్రిల్ మొదటివారం. గొర్రెలు ఈనే రోజులు.
హాజ్ ఊరి చివర, చీజ్ ఫ్యాక్టరీ వెనకున్న నా షెడ్డుకి
హిల్డా ఆల్డర్‌సన్ తన క్వాడ్ బైకుని దగ్గించుకుంటూ తెచ్చింది.
డెబ్బైయొకటేళ్ల మనిషి, పంతొమ్మిదేళ్ల బండి,
పొద్దున్నే ఇద్దరిదీ ఒకటే ఆయాసం.

"మా మేనల్లుడు పంపాడు" అని
కోటు జేబులోంచి సీసా తీసింది. నీలం మూత.
ఇంజను లోపల పేరుకున్నదంతా కరిగిస్తుందట,
కొత్తదాన్లా చేస్తుందట, పావుగంట చాలట.

ఆటోనగర్‌లో మస్తాన్ మేస్త్రీ దగ్గర
స్పానర్లు తుడుస్తూ మొదలైనవాణ్ణి నేను.
ఆయన ఎన్నిసార్లు అన్నాడో,
"ముసలి ఇంజనుకి తలంటు పొయ్యకురా.
నూనె మార్చు, నోరు మూసుకో."
ఎందుకని అడిగితే
బీడీ ముట్టించేవాడు.
నాకేమో ఇంగ్లీషులో అచ్చైన అక్షరమంటే అంతులేని మర్యాద.

పోశాను.
పాత నూనెలో సీసా మొత్తం.
పదిహేను నిమిషాలు ఇంజనుని దాని మానాన తిరగనిచ్చి
గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.
వేసవి సెలవుల్లో మాకు ఆముదం పట్టించి
అమ్మమ్మ గుమ్మంలో కాపలా కూర్చునేది, అలా.

అడుగు బోల్టు విప్పితే దిగింది,
కాటుక అందామంటే కాటుక్కి మెరుపుంటుంది,
ఇది నూనెడబ్బా అడుగున ఏళ్లకేళ్లు మిగిలిపోయిన మడ్డి,
ముద్దలు ముద్దలుగా,
పంతొమ్మిది చలికాలాలు ఒక్కసారే పళ్లెంలోకి.
హిల్డా ముక్కు మూసుకుని నవ్వింది.
కొత్త నూనె పడ్డాక బండి గొంతు తేటపడింది.
గర్వం కొద్దీ డబ్బు తక్కువ తీసుకున్నాను.

ఐదో రోజు ఫోను.
కొండ మీదనుంచి. సగం మాటలు గాలి తినేసింది.
వెళ్లాను. రాత్రి కురిసిన మంచు ఇంకా కరగలేదు.
రాతిగోడ దాటాక ఆ తెలుపు మీద
చుక్క, చుక్క, చుక్క,
ముగ్గుకి పెట్టి ఎవరూ కలపకుండా వదిలేసినట్టు.
వాటి వెంట నడిస్తే బండి దొరికింది.

లోపల సీలు ఎప్పుడో అరిగిపోయింది.
ఎన్నేళ్లయిందో ఆమెకీ తెలీదు.
దాని చోట మడ్డి కూర్చుని
ఇన్నాళ్లూ నూనెని ఆపింది.
నేను దాన్ని కడిగేశాను.
మేస్త్రీ బీడీ ఎందుకు ముట్టించేవాడో
ఆ చలిలో అర్థమైంది.

హిల్డా తిట్టలేదు.
కోటు లోపలనుంచి గొర్రెపిల్ల తల ఒకటి, తడితడిగా.
"మరీ శుభ్రం చేశావు" అంది,
వానొచ్చేలా ఉంది అన్నట్టే.

ట్రాక్టరుకి కట్టి దించాం.
కొత్త సీలు రావడానికి మూడు రోజులు.
మూడు రోజులూ ఆమె నడిచే కొండెక్కింది.
రెండో రోజు నేనూ వెళ్లాను, ఏమీ చేతకాక
లాంతరు పట్టుకుని నిలబడ్డాను.
ఆ రాత్రి ఒక పిల్ల దక్కలేదు.
బండి ఉంటే దక్కేదా అని నేను అడగలేదు,
ఆమె చెప్పలేదు.

సీలు వేసి, బిగించి, చిక్కటి నూనె పోసి,
అలవాటు చొప్పున
పెట్రోలు గుడ్డతో టాంకు తుడవబోయాను.
టాంకు నిండా మార్కరు గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం, కట్టలు కట్టలుగా,
ఏ ఏడు ఎన్ని పిల్లలు బతికాయో.
చెయ్యి ఆగింది.
ఆగేలోపే ఒక మూల మూడు గీతలు
గుడ్డలోకి వచ్చేశాయి.

దాచలేదు, చూపించాను.
కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.
జేబులు తడుముకుని మార్కరు తీసింది.
రెండు గీసింది.
కాసేపు ఆగి
మూత పెట్టేసింది.