పదిహేడో నంబరు బోరు

కనిగిరిలో పామూరు బస్టాండు పక్కన నాదొక నెట్ సెంటరు.
ఆధార్‌లో తప్పులు దిద్దుతా, హాల్ టికెట్లు తీస్తా,
జిరాక్సు రెండు రూపాయలు.
ఉద్దెర లేదు అని గోడ మీద ఉంటుంది.
ఉద్దెర ఉంటుంది.

ఎండ దిగినాక వచ్చింది మాలకొండమ్మ.
దారంతా నేలనే చూస్తూ వచ్చి
నా మొహం చూడ్డానికి కౌంటరు పట్టుకుని పైకి లేచింది.
కొంగు ముడిలోంచి చీటీ ముక్క తీసింది:
బి-17. చెమటకు సగం కరిగిన నీలం సిరా.

"నాలుగేళ్ళయింది మస్తానూ,
సర్కారు జీపులో యూనివర్సిటీ వాళ్ళొచ్చినారు.
మా బోరు నీళ్ళు సీసాలో పట్టుకున్నారు.
గోళ్ళు కత్తిరించుకున్నారు. ఉచ్చ గూడా అడిగినారు,
సిగ్గు చంపుకోని ఇచ్చినా.
హిమజ అని ఒక పిల్ల, మా ఇంట్లో సజ్జరొట్టె తినింది,
అంతా రాస్తాం పెద్దమ్మా అనింది.
రాసిందేమో చూడు."

రాసింది.
ఊరి పేరు కొట్టంగానే వచ్చింది.
ఎనిమిది లైన్లు చదవనిచ్చి తాళంకప్ప బొమ్మ.
మిగతాదానికి మూడు వేల మూడొందలు,
అదీ ఇరవై నాలుగు గంటలకే.
తర్వాత చదివింది మర్చిపోవాలేమో.

"ఎంతంట?"
చెప్పాను.
ఆమె లెక్కలన్నీ ఇరవై రూపాయల క్యాన్లలోనే.
"నూట అరవై అయిదు క్యాన్లు" అంది, వేళ్ళు మడవకుండా.
"అయిదున్నర నెలల నీళ్ళు గదరా!"

నాకూ కొంచెం న్యాయం తెలుసు.
ఎవరో కూర్చుని తప్పులు దిద్దుంటారు,
ఏ దేశంలోనో ఆ కంప్యూటర్లకు కరెంటు కావాలి.
ఊరికే ఏదీ రాదు, నేనూ జిరాక్సుకు తీసుకుంటా.
కానీ పట్టా జిరాక్సు తీసి
పట్టా నా దగ్గర పెట్టుకోను.
ఆ జీపు డీజిలులో ఆమె సబ్బుబిళ్ళ మీద పన్నుంది,
నా రీచార్జి మీద పన్నుంది.

పేజీ అడుగున హిమజ మెయిలుంటే ఒక ముక్క రాశాను.
మూడో రాత్రి జవాబు:
"అన్నా, పంపుతున్నా. అడిగినవాళ్ళకు ఇవ్వొచ్చు,
బయట పెట్టకూడదని మాతో సంతకం చేయించుకున్నారు.
ఇప్పుడు ఆ యూనివర్సిటీలో లేను.
మొన్న నా వ్యాసం నాకే తెరుచుకోలేదు.
పెద్దమ్మ నడుస్తోందా?"

పదకొండు పేజీలు.
చివర, నీళ్ళిచ్చిన గ్రామస్థులకు కృతజ్ఞతలు.
డిక్షనరీ పక్కన పెట్టుకుని తంటాలు పడ్డాను గానీ
అంకెలకు డిక్షనరీ అక్కర్లేదు.
మూడో పట్టిక. ఫ్లోరైడు ఒకటిన్నర దాటకూడదు.
బి-17: అయిదు పాయింటు రెండు.
"తెలిసిందేలే" అంది, నడుము మీద చెయ్యేసుకుని.

వేలు ఊరికే పైకి పోయింది.
బి-9: సున్నా పాయింటు తొమ్మిది.

"తొమ్మిదంటే యాడిది?"
"బడి వెనకది."
"చెయ్యి విరిగి మూలబడిందే, అదా?"
"అదే."
"అవి మంచినీళ్ళా?"
"మంచినీళ్ళే. అప్పుడైతే."

చాలాసేపు మాట్లాడలేదు.
బస్సొచ్చింది, పోయింది.
"దానికి బర్రెను కట్టేస్తన్నాం రా" అంది,
"మూడేళ్ళ నుంచి. మా బర్రెనే."

తొమ్మిది చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టమంది.
ఇరవై కాగితం, రెండ్రూపాయల బిళ్ళ బల్ల మీద పెట్టింది.
వద్దన్నాను.
"తీసుకో. కాగితం నీది, సిరా నీది."
మిగిలింది ఎవరిదో చెప్పలేదు,
మడిచి రొమ్మున పెట్టుకుని వంగి మెట్లు దిగింది.

షట్టరు వేసేముందు
మూడో పట్టిక ఒక్కటే ఇంకో కాపీ తీశాను.
ఉద్దెర లేదు అన్నచోట, దాని మీదే అంటించాను.
హిమజ సంతకం పెట్టింది, నిజమే.
నేను పెట్టలేదు.