పదకొండోది

బల్లారట్‌లో జులై చలి.
లాండ్రీ గదిలో లైటార్పి
టార్చి మూతికి అట్టగొట్టం తొడిగింది డోరీన్.
ఒక్కో గుడ్డూ దానికి ఆనిస్తుంది:
ఎర్రటి దారాలు, నడుమ
ఆవగింజంత ఉలికిపాటు.
ఆమె తలూపితే
నేను పెంకు మీద పెన్సిల్‌తో గీత పెట్టాలి.

పదకొండోది
అన్నిటికన్నా బాగా వెలిగింది,
నిండా పసుప్పచ్చగా.
నాకు మురిపెం.
గీత పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.
"లోపల ఎవరూ లేకపోతేనే
అంత వెలుతురు.
ఉంచితే కుళ్లి పేలుతుంది, పారెయ్."

పెరట్లో బకెట్ దాకా
ఇరవై అడుగులుండవు.
పెంకు చల్లారిపోతోందని
దారిపొడుగునా
పిడికిలి మూసే ఉంచాను.

లోపల్నుంచి కేకేసింది,
పన్నెండోది పట్టుకోడానికి
మనిషి కావాలని.