రోజు విడిచి రోజు

ఉస్మానియా బిస్కెట్ల డబ్బా, గది.
ఐస్‌క్రీం పుల్లల మంచం,
పరుపేమో జాకెట్ గుడ్డ మిగులు.
మూడు అగ్గిపెట్టెలు అతికిస్తే బీరువా;
సొరుగు లాగితే ఇంకా గంధకం వాసన.
లాడ్ బజార్ గాజు ఒకటి విరిగి
సగం అద్దానికి అంచు,
సగం నా వేలికి గాటు.

ఫెవికాల్ ఆరేదాకా ఆగి
"ఎట్లుంది?" అన్నా.

ఇందుజ ఒక కన్ను మూసి
వాకిట్లోంచి గదంతా చూసింది.
"మంచిగనే ఉంది గానీ
నల్లా రానినాడు వీళ్లేం తాగుతరు?"

వారాసిగూడ పిల్ల మరి.

దగ్గు మందు కొలిచే కప్పుకి
నీలం రంగేసి మూలన నిలబెట్టా.

తెల్లారి నాలుగింటికి నల్లా బుసకొట్టింది.
బిందెలింకా వరుసలో ఉండగానే
ఇంకు ఫిల్లరుతో
ముందు ఆ డ్రమ్ము నింపి,
దోమలొస్తయని
నా అంగీ గుండీ తెంపి
మూతపెట్టింది.