తాబేలు పళ్ళు

పికీన్ దగ్గర, హైవే మలుపులో
నలభై అడుగుల ఎత్తున
అతని పళ్ళు బిగించింది నేనే.

ఒక్కో పన్ను నా ఛాతీ అంత.
కింది పెదవికి తాడేసి లాగరా అంటే
మలాంగ్ నవ్వాపుకోలేక పట్టు వదిలేశాడు.
దకార్ నగరం మొత్తం మీద
వస్తాదు మూతి కాసేపు గాలికి వంకరపోయింది.

చేతిలో చెంచా.
చెంచాలో సూప్ బిళ్ళ కరిగిన ఎర్రటి పులుసు.
కింద ఒకే మాట, రెండు భాషల్లో:
"నన్ను పడగొడతావా?
ముందు నా గిన్నె ఖాళీ చెయ్."

అసలు పేరు బిరామ్ సార్.
ఆ పేరుతో వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ పన్లేదు.
జనానికి అతను ఎంబొనాట్, తాబేలు.
ఇసుకకి అంటుకుపోయి, మెడ లోపలికి లాక్కుని
అవతలివాడి మోకాలి కోసం
ఓపిగ్గా కాచుక్కూచునేవాడు.
మా చిన్నాడు అన్నం బేసిను వీపు మీద బోర్లించుకుని
వాకిలంతా పాకేవాడు.
చేప లేని రోజున కూడా మా ఇంట్లో
బిళ్ళ ఉండేది.
ఒట్టి వాసన.

షూటింగుకి నిచ్చెనలు మోసినవాణ్ణి గనక చెబుతున్నా,
చెంచా పట్టుకోవడం అతనికి రాలేదు.
పుట్టి బుద్ధెరిగి చేత్తోనే తిన్నవాడు మరి.
ఏడుసార్లు తీశారు.
ఎనిమిదోసారి, మెరుపు చాలలేదని,
పులుసు పారబోసి రంగునీళ్ళు పోశారు.
పారబోసిన పులుసు వైపు
అతను ఒక్కసారి చూశాడు.
ఆ చూపు బోర్డు మీదికి ఎక్కలేదు.

పోటీ రోజు డప్పులు మధ్యాహ్నం నుంచే.
నెత్తిన పాలు, మంత్రించిన నీళ్ళు, ఇంకేవో సీసాలు.
జబ్బలకి తాయెత్తులు పద్దెనిమిది.
నడుము గుడ్డ మీద కంపెనీ గుర్తు ఒకటి.
టీవీలో మాత్రం
ఆ పంతొమ్మిదో తాయెత్తే బాగా కనబడింది.

పదకొండు సెకన్లు.

తాబేలు వెల్లకిలా.
ఆ మాట ఇంకెలా చెప్పను.

తెల్లారి ఆరింటికి ఫోను.
"దించెయ్. శుక్రవారానికి కొత్త మొహం."
ఓడినవాడి నవ్వుకి అద్దె దండగ.
తాళ్ళు కోశాం.
ముందు నుదురు వాలింది, తర్వాత ముక్కు,
ఆ తర్వాత మొత్తం ఒక్కసారి
రోడ్డు మీద వెల్లకిలా, రెండోసారి.
చుట్టచుట్టే లోపు ఒక గుర్రబ్బండి
ఎడమ చెంప మీదుగా వెళ్ళిపోయింది.
బండివాడు క్షమించమన్నాడు.
ఎవరినో తెలీదు.

తియారోయ్‌లో ఎండుచేపలమ్మే యాండె
ఏడువేల ఫ్రాంకులకి కొనుక్కుంది.
తెల్లటి వెనకభాగం ఎండని తిప్పికొడుతుందని
బొమ్మ లోపలికి తిప్పి పాకకి కప్పింది.
ఇప్పుడామె ఆకాశం నిండా పళ్ళు.
"ఈగలు భయపడతాయేమో అనుకున్నా" అంది,
"వాటికి కుస్తీ తెలీదు."

ఆగస్టు వాన.
తలదాచుకున్న నలుగురిలో నేనొకణ్ణి.
అయిదోవాడు బాగా వంగి లోపలికొచ్చాడు.
వెనక డప్పులు లేవు, బంటులు లేరు.
యాండె తలెత్తకుండానే,
"అక్కడ నిలబడకు, నీ తల నీళ్ళు చేపల మీద కారుతున్నాయి" అంది.

అతను జరిగాడు.
అప్పుడు పైకి చూశాడు.

కోరపన్ను దగ్గర, నేను కోసిన చోట,
చిల్లు పడి ధార కడుతోంది.
ఎవరం మాట్లాడలేదు.
మలాంగ్ గనక ఉంటే నవ్వేవాడు, లేడు, మంచిదైంది.
అతను మూల నుంచి ఒక గిన్నె తీసి
ధార కింద పెట్టాడు.
నిండింది. బయటికి వంచి పోశాడు.
మళ్ళీ పెట్టాడు.
మళ్ళీ ఖాళీ చేశాడు.

వాన తగ్గాక
ఎండుచేప కిలో ఎంతని అడిగాడు.
చెప్పింది.
రెండొందలు తగ్గించమని
చాలాసేపు బేరమాడాడు.
యాండె వందే తగ్గించింది.