సుమారు రెండు గంటల పది నిమిషాలు

టెక్కలి కాంప్లెక్సు ఎదురుగా
జెరాక్సు మిషనుకీ నాకూ కలిపి ఎనిమిదడుగుల గది.
పదకొండేళ్ళుగా ఇందులోంచే
మనుషుల్ని గాల్లోకి పంపుతున్నాను.
నాకు మాత్రం విమానం కిందనుంచే తెలుసు,
దాని పొట్ట తెల్లగా ఉంటుందని.
చలికాలంలో తేలినీలాపురం కొంగలు
నా రేకుల మీదుగానే పోతాయి,
ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా
అని వాటినెవరూ అడగరు.

ఫాల్గుణం ఎండలో
భావనపాడు నుంచి వచ్చింది సూరాడ కొర్లమ్మ.
వీరావల్లో, బోటు మీద, వించి తాడు
మొగుడి వేళ్ళు రెండు పట్టుకుపోయిందట.
ఒక్క మనిషి రావడానికి సేటు డబ్బేశాడట.
కొంగుముడిలో ఆధారు కార్డు,
దానికీ ఎండుచేపల వాసన.

"గాల్లో ఎంత దూరం బాబూ?"

విశాఖపట్నం నుంచి అహ్మదాబాదు
పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, అటూ ఇటూగా.
ప్రయాణం సుమారు రెండు గంటల పది నిమిషాలు.
తెర చెప్పింది, నేను చదివాను.

"రోడ్డంట ఇంకా ఎక్కువ గదా?"

ఎక్కువే. కొండొస్తే చుట్టు తిరగాలి,
ఏరొస్తే వంతెన ఉన్నచోటికి పోవాలి.
గాల్లో అయితే దారం లాగినట్టు తిన్నగా.

నవ్వింది.
"సంద్రంలో మావోలూ అలగే ఎల్తారు.
తిన్నగ ఎల్లడం మాకు కొత్తేటి?
రావడమే వొంకర."

కాగితం వెనక రాసిచ్చాను:
భావనపాడు నుంచి టెక్కలి, ఆటో.
టెక్కలి నుంచి విశాఖ, బస్సు, మూడున్నర గంటలు.
విమానానికి రెండు గంటల ముందే చేరాలి.
అహ్మదాబాదులో దిగాక రాత్రి బస్సు,
తెల్లారితే వీరావల్.
కూడి చూస్తే ఒక పగలూ ఒక రాత్రీ.
అందులో గాలి వాటా
చేటెడు బియ్యంలో రాయంత.

కిటికీ సీటు వేశాను.
దానికి వేరే డబ్బని చెప్పలేదు.

మూడు వారాలకి మళ్ళీ వచ్చింది,
ఆసుపత్రి కాగితాలు మూడేసి కాపీలు కావాలని.
వెనకాల ఎర్రయ్య, కుడిచేతికి కట్టు.
సేటు తిరుగు విమానానికీ ఇస్తానన్నాడట.
ఈవిడే వద్దందట.
పూరీ బండి, స్లీపరు, రెండు రాత్రులు.

ఏమ్మా, విమానం నచ్చలేదా?

"బాగుంది బాబూ. కిందన మబ్బు
ఎండేసిన వల్లాగుంది.
సెవుల్లో నీరెల్లినట్టు గుయ్యిమంది.
పక్కన కూసున్నామె పేరడిగి
ఊరడిగేలోపల దిగిపోమన్నారు.
మాకు ఏడు నెల్ల కబుర్లున్నాయి,
రెండు గంటల్లో ఏటి సెప్పుకుంటాం?
ఏళ్ళు పోయిన మాట నోటంట రాడానికే ఈయనకి
నాగపూరు దాకా పట్టింది."

ఎర్రయ్య ఏమీ అనలేదు.
ఎడమచేత్తో జెరాక్సు మిషను మూత
ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి
లోపలి వెలుగు చూస్తున్నాడు.

ఇప్పటికీ దూరం అడిగితే టక్కున చెప్తాను,
ఆ అంకె మారేది కాదు.
టైమెంత పడుతుందని ఎవరైనా అడిగితే మాత్రం
కీబోర్డు మీద చేతులు ఆగుతాయి.
"ఒక్కరేనా, ఇద్దరా?" అంటాను.
ఫారం నింపడానికే అనుకుంటారు.