ఎనిమిది నుంచి రెండు లోపు

ఎనిమిది నుంచి రెండు లోపు వస్తామన్నారు,
మూడు గురువారాలుగా.
నైట్ డ్యూటీ కళ్ళని తలుపుకి ఆనించి కూర్చున్నాను.

మొదటిసారి నిచ్చెన రాలేదు.
రెండోసారి అన్నీ వచ్చాయి,
కేబుల్ గది తాళంచెవి జేబులో వేసుకుని
హారిస్ సెలవు మీద ఈజిప్టు పోయాడు.

ఈరోజు ఒక్కడే వచ్చాడు,
ఫర్వానియా ఎండంతా చొక్కాకి పూసుకుని.
కంపెనీ మనిషి కాదట,
కాంట్రాక్టరు కింది కాంట్రాక్టరు మనిషి.
ఇద్దరం హిందీని కుంటించుకుంటూ
గోడకి చిల్లెక్కడో తేల్చుకున్నాం.

డ్రిల్లు చువ్వకి తగిలి ఎగిరింది.
"నీయవ్వ!" అన్నాడు.
"ఏ ఊరు?"
"ఆర్మూరు దగ్గర. మీది?"
"రాయచోటి."
సున్నంతో పాటు హిందీ కూడా రాలి కింద పడింది.

వెంట్రుకంత గాజుపోగు
కోసి, తుడిచి, అతికిస్తుంటే
ముక్కొకటి వేల్లో దిగింది.
కనబడదు, నొక్కితేనే ఉన్నట్టు.
"ఊకోండి మేడం, అలవాటే."
నేనూరుకోలేదు.
ఫోను లైటు, పట్టకారు,
ఎవరెవరి నరాలో వెతికిన నా వేళ్ళు.
వచ్చింది. టిష్యూ మీద పెడితే
లేనట్టే ఉంది.

పచ్చదీపం వెలిగింది.
లింబాద్రి సంతకం చేయించుకుని వెళ్ళాడు,
ఇంకా నాలుగిళ్ళు, ఫహాహీల్‌లో.

మెసేజి వచ్చింది: పని ఎలా ఉంది, ఐదుకి ఎన్ని?
టిష్యూ ఇంకా బల్లమీదే.
పారేద్దామంటే
ముక్క ఏ మడతలో ఉందో తెలీదు.