చలి చెప్తది

ఉమ్ అల్ కువైన్ రేవు వెనుక
రేకుల షెడ్డుల మా దుకాణం.
జులైల పురుగు సుత రాదు.
నవంబరుల మొదటి చల్లటి పొద్దున
వరుస కడతరు:
జెట్‌స్కీలు, ఇసుక బగ్గీలు, ఎడారికి పోయే కారవాన్లు.
"నిన్నటిదాంక మంచిగనే ఉండె పోశెట్టీ!"
నిన్న కాదు సార్, సచ్చింది ఆగస్టుల.
ఎండ చంపుతది. చలి చెప్తది.

కొత్తగొచ్చిన భూమేశ్‌కు ముందుగాల నేర్పింది
పానా పట్టుడు కాదు,
మూత మీద గుద్దిన నెల చదువుడు.
గోదాంల ఏడాది మగ్గిన సరుకు
ఎంత మెరిసినా ముట్టకు.
విప్పేటప్పుడు నలుపు ముందు,
బిగించేటప్పుడు నలుపు ఆఖర్న.
నల్లా నీళ్లు పోసినవో, నీ జీతంల పట్టుకుంట.

ఓపారి హమద్ పెద్దాయన
చేపల పడవ దీపాలకు కారు బ్యాటరీ అడిగిండు, అగ్గువని.
కారుది ఒక్క తన్ను తన్ని పండుకుంటది,
పడవది తెల్లారేదాంక మోయాలె.
చెప్పిన. వినలే.
మూడో వారం
ఇంకో పడవ తాడు కట్టి గుంజుకొచ్చింది ఆయనను.
నేనేమనలే. ఛాయ్ తెప్పిచ్చిన.
ఆయన గూడ ఏమనలే.
బరువుదాన్ని రెండు చేతుల లేపి
సంతల చేపను చూసినట్టు చూసి
పైసలు లెక్కవెట్టిండు.

రాత్రి షట్టర్ దించినంక
మూలకు చార్జర్ తగిలించిన ఓ పాతది.
ఎర్ర లైటు పచ్చగయ్యేదాంక
భూమేశ్‌కు నిద్ర రాదు.
"ఇది బతుకుతదా కాకా?"
అంగి మీద ఆసిడ్ బొక్కల్ల వేలు వెట్టి చూసుకుంట అన్న:
కిటికీ తెరిచి పండుకో.
పొద్దుగాల అదే చెప్తది.